సర్దుబాటు బీమ్‌ఫార్మింగ్ నెట్‌వర్క్‌లు: బహుళ బ్యాండ్ యాంటెన్నాలు, తూర్పు కనుమల టవర్లు

యాంటెన్నా ఒకటే అయినా దాని లోపల ప్రసారం చేసే మూలకాలు చాలా ఉంటాయి. వాటిలో ఒక్కోదానికి ఎంత శక్తి అందాలి, ఎంత ఆలస్యంగా అందాలి అన్నది నిర్ణయించి సిగ్నల్‌ను పంచే అమరికను బీమ్‌ఫార్మింగ్ నెట్‌వర్క్ అంటారు. ఆ ఆలస్యాలను తయారీలోనే స్థిరంగా బిగించేస్తే యాంటెన్నా ఎప్పుడూ ఒకే దిక్కు చూస్తుంది. బిగించిన తరువాత కూడా మార్చుకునే వీలుంటే అది సర్దుబాటు నెట్‌వర్క్. యాంటెన్నాను కదపకుండానే దాని పుంజాన్ని, అంటే బీమ్‌ను, పక్కకు తిప్పవచ్చు, కిందికి దించవచ్చు, వెడల్పు చేయవచ్చు, ఒకటికి నాలుగుగా విడగొట్టవచ్చు.

ఈ నెట్‌వర్క్ ఒకే పౌనఃపున్యానికైతే పాత విద్యే. ఒకే ప్యానెల్ 700 మెగాహెర్ట్జ్ నుంచి 2600 మెగాహెర్ట్జ్ దాకా అనేక బ్యాండ్లను మోస్తూ, ప్రతి బ్యాండ్‌కూ వేరు వేరు దిక్కు చూపించాలన్నప్పుడే చిక్కులు మొదలవుతాయి. భారతదేశంలో టెలికాం సంస్థలు వాడుతున్న, లేదా వేలంలో కొన్న, బ్యాండ్లు 700, 800, 900, 1800, 2100, 2300, 2500, 3300 మెగాహెర్ట్జ్‌లు, వాటిపైన 26 గిగాహెర్ట్జ్. ఇన్నిటికీ ఇన్ని యాంటెన్నాలు బిగిస్తే టవర్ ఆ బరువుకూ గాలి తాకిడికీ ఆగదు. బిగించిన ప్రతి యాంటెన్నాకూ టవర్ యజమానికి అద్దె కూడా కట్టాలి. అందుకే బ్యాండ్లన్నీ ఒకే పెట్టెలోకి చేరాయి.

పుంజం తిరిగే తీరు

అరకులోనూ కోరాపుట్‌లోనూ ధింసా ఆడేవాళ్ళు చేతులు పట్టుకుని వరుసగా నిలబడతారు. అందరూ ఒకేసారి అడుగేస్తే వరుస తిన్నగా ముందుకు సాగుతుంది. ఒక చివర నుంచి ప్రతివాళ్ళూ పక్కవారికంటే రవ్వంత ఆలస్యంగా వేస్తే వరుస ఆలస్యమైన వైపుకు ఒరుగుతుంది. యాంటెన్నా మూలకాల నుంచి బయలుదేరే తరంగాలూ అంతే. నిలువు ప్యానెల్‌లో పై మూలకానికి ముందు, కింది మూలకాలకు వరుసగా ఆలస్యంగా సిగ్నల్ అందితే పుంజం కిందికి వాలుతుంది.

ఎంత ఆలస్యమన్నది సులువైన లెక్క. రెండు మూలకాల మధ్య దూరాన్ని వాలు కోణపు సైన్ విలువతో గుణిస్తే ఒక మూలకం నుంచి పక్కదానికి రావలసిన దారి తేడా వస్తుంది. మూలకాలు 11 సెంటీమీటర్ల ఎడంలో ఉండి పుంజాన్ని 8 డిగ్రీలు దించాలంటే ఆ తేడా ఒకటిన్నర సెంటీమీటర్లు. దీన్ని దశగా, అంటే ఫేజ్‌గా, చెబితే 1800 మెగాహెర్ట్జ్ దగ్గర 33 డిగ్రీలు, 2300 దగ్గర 42 డిగ్రీలు. సెంటీమీటర్లలో ఒకే విలువ, డిగ్రీల్లో బ్యాండ్‌కొకటి. బహుళ బ్యాండ్ రూపకల్పన చాలావరకు ఈ తేడా చుట్టూనే తిరుగుతుంది. దారి పొడవును మార్చే సాధనం, అంటే నిజమైన కాల విలంబం, అన్ని బ్యాండ్లనూ ఒకే కోణానికి వంచుతుంది. దశను మాత్రమే మార్చే సాధనం ఒక్కో బ్యాండ్‌ను ఒక్కో కోణానికి వంచుతుంది. ఈ రెండోదాన్ని ఇంజనీర్లు బీమ్ స్క్వింట్ అంటారు.

మూలకాల ఎడం కూడా పేచీ పెడుతుంది. 900 మెగాహెర్ట్జ్ తరంగదైర్ఘ్యం సుమారు 33 సెంటీమీటర్లు, 1800ది అందులో సగం. 900 కోసం అర తరంగదైర్ఘ్యం ఎడంతో పేర్చిన మూలకాలు 1800 దగ్గర పూర్తి తరంగదైర్ఘ్యం ఎడంలో ఉన్నట్టు లెక్క. అప్పుడు అసలు పుంజంతో పాటు దానికి నకళ్ళు వేరే దిక్కుల్లో పుడతాయి. వీటిని గ్రేటింగ్ లోబ్‌లంటారు. శక్తి అటూ పోతుంది, ఎవరికీ అక్కర్లేని చోట.

చరిత్ర

స్ట్రాస్‌బుర్గ్‌లో పనిచేసిన ఫెర్డినాండ్ బ్రౌన్ 1905లో మూడు యాంటెన్నాలను త్రికోణంగా నిలిపి, ఒకదానికి ఆలస్యంగా సిగ్నల్ ఇచ్చి, ప్రసారం ఒక దిక్కుకే బలంగా వెళ్ళేట్టు చేశాడు. 1909లో మార్కోనీతో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నది ఈయనే. 1937లో బెల్ ప్రయోగశాలకు చెందిన హారాల్డ్ ఫ్రిస్, కార్ల్ ఫెల్డ్‌మన్ ఇంగ్లండ్ నుంచి వచ్చే షార్ట్‌వేవ్ సిగ్నళ్ళను పట్టడానికి ఆరు రాంబిక్ యాంటెన్నాల వరుసను ప్రకటించారు. అందులో దశను మార్చే సాధనాలను పళ్ళచక్రాలతో ఒకదానికొకటి కలిపారు. ఒక్క ఇరుసు తిప్పితే అన్నీ సరైన నిష్పత్తిలో కదిలేవి. ఆ పళ్ళచక్రాల ఉపాయమే ఇవాళ మొబైల్ టవర్ యాంటెన్నాలో చిన్న మోటారు రూపంలో పనిచేస్తోంది. నడుమ వచ్చిన ఎలక్ట్రానిక్ సాధనాలు దాన్ని తోసేయలేకపోయాయి. ఎందుకో తరువాత చూద్దాం.

రెండో ప్రపంచ యుద్ధకాలపు రాడార్లు ఈ విద్యను ముందుకు నెట్టాయి. యుద్ధం తరువాత ఒకేసారి అనేక పుంజాలు కావాలన్న అవసరం వచ్చింది. 1960లో బ్లాస్, 1961లో బట్లర్, ఆయన సహచరుడు లో, 1963లో రాట్‌మన్, టర్నర్ తమ తమ నెట్‌వర్క్‌లను ప్రకటించారు. మూడేళ్ళలో వచ్చిన ఈ మూడు పద్ధతులే నేటికీ పాఠ్యపుస్తకాల్లో పునాదులు.

బట్లర్ మాత్రిక, రాట్‌మన్ కటకం

బట్లర్ మాత్రికలో నాలుగు ప్రవేశాలు, నాలుగు యాంటెన్నాలు ఉంటే లోపల నాలుగు హైబ్రిడ్ కప్లర్లు, రెండు 45 డిగ్రీల దశా సాధనాలు చాలు. ఏ ప్రవేశంలో సిగ్నల్ ఇస్తే ఆ ప్రవేశానికి చెందిన పుంజం లేస్తుంది. ఎనిమిదింటికి పన్నెండు కప్లర్లు, ఎనిమిది దశా సాధనాలు కావాలి. సిద్ధాంతపరంగా శక్తి నష్టం లేదు. గణితం తెలిసినవారు ఇందులో ఫాస్ట్ ఫూరియే పరివర్తన నిర్మాణాన్ని గుర్తుపడతారు. కూలీ, ట్యూకీ తమ ప్రసిద్ధ పద్ధతిని ప్రకటించింది 1965లో, అంటే ఇంజనీర్లు అదే అల్లికను రాగి తీగల్లో చేసిన నాలుగేళ్ళకు.

బహుళ బ్యాండ్లకు వచ్చేసరికి బట్లర్ మాత్రిక బలహీనత బయటపడుతుంది. అది ఇచ్చేది దశ, దారి పొడవు కాదు. 1800 మెగాహెర్ట్జ్‌కు అర తరంగదైర్ఘ్యం ఎడంలో పేర్చిన నాలుగు మూలకాల మాత్రిక పుంజాలు అటూ ఇటూ 14.5, 48.6 డిగ్రీల దగ్గర ఉంటాయి. అదే పెట్టెలోకి 2300 సిగ్నల్ పంపితే, కప్లర్లు ఆ బ్యాండ్‌లోనూ చక్కగా పనిచేశాయనుకున్నా, పుంజాలు 11.3, 35.9 డిగ్రీలకు జరిగిపోతాయి. సెక్టర్, అంటే ఒక ప్యానెల్ చూసుకునే ప్రాంతం, అంచున ఉన్న ఊరికి ఒక బ్యాండ్ అందుతుంది, రెండోది అందదు. దశా సాధనాల స్థానంలో మార్చుకోదగినవి పెట్టి, కప్లర్లను కూడా రెండు బ్యాండ్లకు సరిపడేట్టు చేసే పరిశోధన గత రెండు దశాబ్దాల్లో పెద్దఎత్తున సాగింది.

రాట్‌మన్ కటకంలో సిగ్నల్ రెండు వంపు అంచుల నడుమ పలకలో ప్రయాణిస్తుంది. ఏ బిందువు నుంచి బయలుదేరిందన్న దాన్నిబట్టి దారి పొడవులు మారతాయి. ఇది కాల విలంబంతో పనిచేస్తుంది కాబట్టి పుంజం బ్యాండ్‌తో పాటు కదలదు. అందుకే ఎలక్ట్రానిక్ యుద్ధతంత్రంలో, శత్రువు ఏ పౌనఃపున్యంలో మాట్లాడతాడో ముందుగా తెలియని చోట, దీనికి గిరాకీ. పరిమాణం పెద్దది, పలక అంచుల్లో శక్తి కొంత ఇంకిపోతుంది. మొబైల్ టవర్ల మీద ఇది అరుదు.

ఒకే పెట్టెలో అనేక బ్యాండ్లు

టవర్ మీద తెల్లగా, మనిషి ఎత్తుకు మించి కనిపించే ప్యానెల్‌ను విప్పితే లోపల రెండు జాతుల మూలకాలు కనిపిస్తాయి. పెద్దవి 700 నుంచి 960 మెగాహెర్ట్జ్ వరకు, చిన్నవి సుమారు 1700 నుంచి 2700 వరకు. రెండూ అడ్డంగా కాక, 45 డిగ్రీల వాలులో ఒకదానికొకటి అడ్డగించిన జంట డైపోల్‌లు. పెద్ద డైపోల్ చేతులు చిన్నవాటి ముందు అడ్డుపడి వాటి పుంజాన్ని చెడగొడతాయి. దానికి విరుగుడుగా ఆ చేతులను చోక్‌లతో ముక్కలుగా విడదీసి, పై బ్యాండ్‌కు అవి కనిపించనట్టే చేస్తారు.

అసలు పని వెనుక పలకలో జరుగుతుంది. 1800, 2300 రెండూ అవే చిన్న మూలకాలను పంచుకోవాలి, కానీ వాలు దేనికదే ఉండాలి. ప్రతి మూలకం వెనుకా ఒక డైప్లెక్సర్ పెట్టి రెండు బ్యాండ్లను విడదీస్తారు. తరువాత ఒక్కో బ్యాండ్‌కు ఒక్కో దశా సాధనాల వరుస, ఒక్కో మోటారు. ఖర్చు పెరుగుతుంది, డైప్లెక్సర్‌లో కొంత శక్తి పోతుంది. ఒక్క డెసిబెల్ నష్టమంటే అయిదో వంతు శక్తి పోయినట్టే. డబ్బు చూసుకున్నవారు డైప్లెక్సర్లు మానేసి, రెండు బ్యాండ్లనూ కలిపి ఒకే వాలుతో నడుపుతారు. చదునైన ఊళ్ళో దీనివల్ల పెద్ద తేడా పడకపోవచ్చు.

సర్దుబాటు దేనితో

దశను మార్చడానికి ప్రయోగశాలల్లో ఉన్న సాధనాలు తక్కువేం కాదు. వారాక్టర్ డయోడ్‌కు వోల్టేజీ మారిస్తే దాని కెపాసిటెన్స్ మారుతుంది. పిన్ డయోడ్ స్విచ్‌లా పనిచేసి దారిని మారుస్తుంది. ఆరు బిట్ల దశా సాధనం 360 డిగ్రీలను 64 మెట్లుగా, మెట్టుకు 5.625 డిగ్రీల చొప్పున కోస్తుంది. ఇవికాక బేరియం స్ట్రాన్షియం టైటనేట్ వంటి పదార్థాలు, ద్రవ స్ఫటికాలు, వెంట్రుకంత స్విచ్‌లు ఉండే మెమ్స్ సాధనాలు ఉన్నాయి. రాడార్లలో చాలాకాలం ఫెర్రైట్‌దే రాజ్యం. ఐఐటీ ఢిల్లీలో భారతీ భట్ బృందం కృషితో వచ్చిన ఫెర్రైట్ దశా సాధనాలు ఆకాశ్ క్షిపణికి దారి చూపే రాజేంద్ర రాడార్‌లో చేరాయి. ఆ క్షిపణిని తయారుచేసేది హైదరాబాద్‌లోని భారత్ డైనమిక్స్.

ఇన్ని ఉండగా టవర్ యాంటెన్నాలో మాత్రం ఇప్పటికీ జరిగే రేకు ముక్కో, ప్లాస్టిక్ పలకో, దాన్ని తోసే స్టెప్పర్ మోటారో ఉంటాయి. కారణం సెమీకండక్టర్ల నైజం. పదుల వాట్ల శక్తి డయోడ్ గుండా పోతే అది రేఖీయంగా ప్రవర్తించదు. రెండు సిగ్నళ్ళు కలిసి మూడోది పుడుతుంది. 700 బ్యాండ్‌లో టవర్ పంపేది 758 నుంచి 803 మెగాహెర్ట్జ్ వరకు, వినేది 703 నుంచి 748 వరకు. 760, 800 దగ్గర రెండు వాహక తరంగాలు ఒక చెడ్డ కూడలిలో కలిస్తే మొదటిదాని రెట్టింపు నుంచి రెండోదాన్ని తీసేయగా 720 మెగాహెర్ట్జ్ పుడుతుంది. అది సరిగ్గా టవర్ వినవలసిన చోట పడుతుంది. దూరపు ఫోన్ నుంచి వచ్చే బలహీనమైన పలుకు ఆ రొదలో మునిగిపోతుంది. దీన్నే పిమ్ అంటారు. డయోడ్ ఒక్కటే కాదు, వదులైన కనెక్టర్, తుప్పుపట్టిన బోల్టు కూడా దీన్ని పుట్టిస్తాయి. ఏటా 1500 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన కురిసే కోరాపుట్ కొండల్లో తుప్పును లెక్కలోకి తీసుకోకుండా నెట్‌వర్క్ గురించి మాట్లాడలేం.

జరిగే పలక దారి పొడవునే మారుస్తుంది. అందువల్ల పుంజం బ్యాండ్ లోపల చెదరదు, శక్తిని తట్టుకుంటుంది, కరెంటు పోయినా ఉన్నచోటే ఉంటుంది. నిమిషానికి వేలసార్లు తిరగలేదన్నది నిజమే. రోజుకోసారి తిరిగితే ఎక్కువైన చోట అంత వేగంతో పనేముంది?

మోటారును దూరం నుంచి నడిపే వ్యవస్థను ఆర్‌ఈటీ అంటారు, అంటే రిమోట్ ఎలక్ట్రికల్ టిల్ట్. ఒకప్పుడు ఒక్కో కంపెనీ మోటారు ఒక్కో భాష మాట్లాడేది. 2001లో ఏర్పడిన ఏఐఎస్‌జీ అనే ప్రమాణాల బృందం అన్నిటికీ ఉమ్మడి భాషనిచ్చింది. ఒక సన్నని కేబుల్‌లో విద్యుత్తూ ఆదేశాలూ కలిసి పైకి వెళతాయి. టవర్ ఎక్కకుండానే, జిల్లా దాటి ఉన్న కేంద్రం నుంచి, ఫలానా సెక్టర్ ఫలానా బ్యాండ్ వాలును 4 నుంచి 6 డిగ్రీలకు దించవచ్చు.

యాంటెన్నానే వంచి బిగించే పాత పద్ధతి, మెకానికల్ టిల్ట్, ఇంకా వాడుకలో ఉంది. అందులో ఒక లోపముంది. ముందువైపు పుంజం ఎంత దిగుతుందో వెనకవైపు అంత లేస్తుంది, పక్కలు దాదాపు కదలవు. విద్యుత్ వాలులో అన్ని దిక్కులా పుంజం ఒకేలా దిగుతుంది.

రాయగడ, కోరాపుట్ కొండల్లో

ఈ వాలు విలువ తూర్పు కనుమల్లో తెలుస్తుంది. ఒడిశాలోని జేకేపూర్ రాయగడ పట్టణానికి దగ్గర్లో, 1962లో వచ్చిన జేకే కాగితపు మిల్లు చుట్టూ పెరిగిన ఊరు. 1936లో ఒడిశా ఏర్పడేదాకా ఈ ప్రాంతం మద్రాసు రాజధానిలో, జయపురం జమీందారీలో ఉండేది. రాయగడ జిల్లా 1992లో కోరాపుట్ నుంచి విడివడింది. దక్షిణానికి రైల్లో కొద్ది స్టేషన్లు దాటితే పార్వతీపురం మన్యం జిల్లా వచ్చేస్తుంది. అందువల్ల ఇక్కడి బజార్లలో ఒడియాతో పాటు తెలుగు వినిపించడం వింత కాదు.

రేడియో ఇంజనీరుకు ఈ భూమి తెలుగు మాటకంటే ముందు ఎత్తుపల్లాలతో పరిచయమవుతుంది. రాయగడ పట్టణం సముద్రమట్టానికి సుమారు 200 మీటర్ల ఎత్తున ఉంటే కోరాపుట్ పట్టణం 870 మీటర్ల దగ్గర ఉంది. ఒడిశాలోకెల్లా ఎత్తైన దేవమాలి శిఖరం 1672 మీటర్లు, కోరాపుట్ జిల్లాలోనే. ఉత్తరాన నియమగిరి కొండలు డొంగ్రియా కొంధుల నివాసం. పల్లెలు లోయల్లో, వాలుల్లో, గట్ల మీద చెదురుగా ఉంటాయి.

ఇలాంటిచోట టవర్‌ను కొండ మీద పెడతారు. అందరూ అదే చేస్తారు, ఎత్తు మంచిదని. ఒక లెక్క వేద్దాం. లోయలో ఉన్న పల్లెకు 300 మీటర్ల ఎత్తున, 2 కిలోమీటర్ల దూరంలో టవర్ ఉంది. టవర్ నుంచి ఆ పల్లె క్షితిజానికి 8.5 డిగ్రీల కింద ఉంటుంది. చదునైన నేలపై 40 మీటర్ల టవర్‌కు కిలోమీటరు దూరంలోని ఊరు 2.3 డిగ్రీల కిందే ఉంటుంది. మైదానంలో నేర్చుకున్న వాలు కొండల్లో చెల్లదని ఇక్కడే తేలిపోతుంది.

2 మీటర్ల నిలువు ప్యానెల్, అన్ని మూలకాలకూ సమాన శక్తి అనుకుందాం. 700 మెగాహెర్ట్జ్‌లో పుంజం వెడల్పు సుమారు 11 డిగ్రీలు. 2100లో అదే ప్యానెల్ పుంజం 3.6 డిగ్రీలకు సన్నబడుతుంది. వాలు లేకుండా తిన్నగా పెడితే 2100 పుంజానికి 4.1 డిగ్రీల దగ్గర ఒకటి, 8.2 దగ్గర మరొకటి శూన్యస్థానాలు వస్తాయి. మన పల్లె 8.5 దగ్గర ఉంది. అంటే టవర్ కంటికి ఎదురుగా కనిపిస్తూ ఉన్నా, 2100 సిగ్నల్ ఆ పల్లెకు దాదాపు శూన్యం. 700 మాత్రం శిఖర విలువలో ఏడో వంతుగానైనా అందుతుంది. లోయలోంచి టవర్ దీపం చూస్తూ ఫోన్ పనిచేయక విసుక్కునేవారి మాటలో న్యాయముంది. తప్పు టవర్ శక్తిది కాదు.

ఇప్పుడు 2100ను 8 డిగ్రీలు దించుదాం. పల్లె వెలుగులోకొస్తుంది. 700ను కూడా అదే వాలుకు దించితే ఏమవుతుంది? ఎదురుగా ఉన్న గట్టు మీది దూరపు పల్లెలకు, క్షితిజపు వరుసలో ఉన్నవాటికి, శక్తి అయిదో వంతుకు పడిపోతుంది. 700 బ్యాండ్ కొన్నదే దూరానికి. అదే 700ను 4 డిగ్రీల దగ్గర ఆపితే లోయ పల్లెకూ దూరపు గట్టుకూ మూడింట రెండు వంతులకు కాస్త అటూ ఇటూగా శక్తి దక్కుతుంది. బ్యాండ్‌కొక వాలు ఉన్న యాంటెన్నా ఇక్కడ విలాసం కాదు. ఒకే మోటారుతో అన్ని బ్యాండ్లనూ వంచే చవక ప్యానెల్ పెడితే లోయనో గట్టునో వదులుకోవాల్సిందే. నిజమైన ప్యానెళ్ళలో మూలకాలకు శక్తిని అసమానంగా పంచి కింది శూన్యస్థానాన్ని కొంత పూడుస్తారు. దానివల్ల నష్టం తగ్గుతుంది, పోదు.

ఈ రెండు జిల్లాలూ కేంద్రం గుర్తించిన ఆకాంక్షిత జిల్లాల జాబితాలో ఉన్నాయి. 2021 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆంధ్రప్రదేశ్, ఒడిశా సహా అయిదు రాష్ట్రాల ఆకాంక్షిత జిల్లాల్లో సిగ్నల్ లేని 7,287 గ్రామాలకు 4జీ ఇవ్వడానికి సుమారు 6,466 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. 2022 జులైలో దేశమంతటా 24,680 గ్రామాల కోసం 26,316 కోట్ల పథకం వచ్చింది. దాని అమలు బీఎస్‌ఎన్‌ఎల్‌కు అప్పగించారు. 2025 సెప్టెంబరు 27న ఒడిశాలోని ఝార్సుగుడా నుంచే ప్రధాని 97,500కు పైగా 4జీ టవర్లను ప్రారంభించారు. వాటిలో అత్యధికం బీఎస్‌ఎన్‌ఎల్‌వి. రేడియో పరికరాలు తేజస్ నెట్‌వర్క్స్‌వి, కోర్ సీ-డాట్‌ది, కూర్పు టీసీఎస్‌ది. ఈ నెట్‌వర్క్‌కు ముఖ్యమైన బ్యాండ్లు 700, 2100. పైన వేసిన లెక్క అచ్చంగా ఈ జంటదే.

సరిహద్దు మరో చిక్కు తెస్తుంది. స్పెక్ట్రమ్‌ను టెలికాం సర్కిళ్ళ వారీగా అమ్ముతారు. రాయగడ, కోరాపుట్ ఒడిశా సర్కిల్‌లో ఉన్నాయి. కొండకు ఆవలి పార్వతీపురం, సాలూరు ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌లో ఉన్నాయి. రాష్ట్ర విభజన తరువాత కూడా ఆ సర్కిల్ తెలంగాణతో కలిసి ఒకటిగానే ఉంది. ఒక సర్కిల్‌లో ఒక సంస్థ కొన్న ముక్క అవతలి సర్కిల్‌లో వేరొకరిది కావచ్చు. గట్టు మీది టవర్ పుంజం హద్దు దాటితే అక్కడ అది రొద. కాబట్టి హద్దువైపు సెక్టర్‌కు ఎక్కువ వాలు, లోపలి వైపుకు తక్కువ వాలు ఇవ్వాలి. కొటియా పల్లెల విషయంలో హద్దు ఎక్కడన్నదే రెండు రాష్ట్రాల మధ్య తగవు. పుంజాన్ని ఎక్కడ ఆపాలో ఇంజనీరుకు చెప్పగలిగేవారు అక్కడ ఎవరూ లేరు.

గాదంకి

తెలుగు నేలపై బీమ్‌ఫార్మింగ్‌కు పెద్ద నిదర్శనం తిరుపతి దగ్గరి గాదంకిలో ఉంది. మొబైల్ సేవతో దానికి సంబంధం లేదు. అది వాతావరణాన్ని చూసే ఎంఎస్‌టీ రాడార్. సమీర్ సంస్థ నిర్మించగా 1990ల మొదట్లో పనిలోకి వచ్చింది. 53 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేసే 1024 యాగీ యాంటెన్నాలు, 130 మీటర్ల చదరపు మైదానంలో 32 వరుసలుగా నిలబడి ఉంటాయి. తరంగదైర్ఘ్యం 5.66 మీటర్లు కాబట్టి అంత స్థలం కావాలి. పుంజం వెడల్పు 3 డిగ్రీలు. నడినెత్తి నుంచి 20 డిగ్రీల వరకు దాన్ని వంచవచ్చు. నడినెత్తికి, నాలుగు దిక్కులకూ పుంజాన్ని వరుసగా తిప్పి, తిరిగొచ్చే సిగ్నల్‌లోని డాప్లర్ మార్పు నుంచి ఎత్తుల వారీగా గాలి వేగాన్ని లెక్కగడతారు.

మొదట 32 భారీ ట్రాన్స్‌మిటర్లు ఉండేవి. శక్తిని వాటి నుంచి పంచుకుంటూ యాంటెన్నాలకు పంపేవారు. తరువాతి ఆధునికీకరణలో ప్రతి యాంటెన్నాకూ సొంత సాలిడ్ స్టేట్ మాడ్యూల్ వచ్చింది, మొత్తం 1024. దశను మార్చే పని ఇప్పుడు తక్కువ శక్తి దగ్గర, పెంపుకు ముందే జరుగుతుంది. టవర్ యాంటెన్నాలో డయోడ్ ఎందుకు నిలవదో చెప్పుకున్నాం. గాదంకి ఆ సమస్యను తప్పించుకున్న తీరు ఇది. ఒకటి చెడితే మిగతా 1023 నడుస్తూనే ఉంటాయి.

జాతీయ వాతావరణ పరిశోధనా ప్రయోగశాల అక్కడే 1280 మెగాహెర్ట్జ్‌లో కింది వాతావరణపు గాలులను కొలిచే మరో రాడార్‌ను తయారుచేసుకుంది. అందులో మార్పులు చేసిన బట్లర్ మాత్రికను తక్కువ శక్తి దశలో వాడారు. అరవై ఏళ్ళ కిందటి నెట్‌వర్క్ పనికొచ్చే చోట ఇంకా పనికొస్తుంది.

హైదరాబాద్

రక్షణ రంగంలో ఈ విద్యకు చిరునామా 1962లో ఏర్పడిన డీఎల్ఆర్ఎల్ అనే ప్రయోగశాల. ఎలక్ట్రానిక్ యుద్ధతంత్రం దాని పని. 1991లో మొదలైన ఆస్ట్రా మైక్రోవేవ్ రాడార్ల కోసం ట్రాన్స్‌మిట్, రిసీవ్ మాడ్యూళ్ళు తయారుచేస్తుంది. ఐఐటీ హైదరాబాద్ దేశీయ 5జీ పరీక్షావేదిక నిర్మించిన సంస్థల్లో ఒకటి. ఆ వేదిక 2022 మే 17న ప్రారంభమైంది. ఐఐటీ హైదరాబాద్ నుంచి వచ్చిన వైసిగ్ నెట్‌వర్క్స్ 3.3 నుంచి 3.5 గిగాహెర్ట్జ్ మధ్య అనేక యాంటెన్నాలతో 5జీ డేటా కాల్ చేసి చూపింది.

డిజిటల్ ప్యానెళ్ళు, వాటి హద్దు

2022 అక్టోబరు 1న దేశంలో 5జీ మొదలైనప్పుడు టవర్ల మీద పొట్టి, మందపు పెట్టెలు కనబడసాగాయి. వీటిలో 32 లేదా 64 ట్రాన్స్‌మిటర్లు, అన్నే రిసీవర్లు ఉంటాయి. పుంజాన్ని వలయంలో కాదు, అంకెల్లో గుణించి తయారుచేస్తారు. ఒకేసారి అనేక పుంజాలు, ఒక్కో వినియోగదారుకు ఒక్కోటి. 3 నుంచి 6 గిగాహెర్ట్జ్ మధ్య 5జీ టవర్ తన ఉనికిని చాటే పుంజాలు గరిష్ఠంగా 8, 26 గిగాహెర్ట్జ్ దగ్గర 64. ఆ పై బ్యాండ్‌లో ప్రతి మూలకానికీ పూర్తి డిజిటల్ గొలుసు పెట్టడం ఖర్చుతో కూడినది. అందుకే అక్కడ అనలాగ్ దశా సాధనాలూ డిజిటల్ గుణకారమూ కలిసిన మిశ్రమ నెట్‌వర్క్ వాడతారు. ఒక్కో మూలకానికి అందే శక్తి మిల్లీవాట్ల స్థాయిలో ఉంటుంది కాబట్టి సిలికాన్ చిప్పులు అక్కడ తట్టుకుంటాయి.

మరి 700లోనూ 64 మూలకాల చదరం ఎందుకు పెట్టరు? 3500 మెగాహెర్ట్జ్‌లో ఎనిమిదికి ఎనిమిది మూలకాలు అర తరంగదైర్ఘ్యం ఎడంతో 34 సెంటీమీటర్ల చదరంలో సరిపోతాయి. 700లో దానికి 1.7 మీటర్ల చదరం కావాలి. గాలి తాకిడికి టవర్ నిలవాలి, కరెంటు లేనప్పుడు బ్యాటరీ మోయాలి. పల్లెలో ఒకేసారి మాట్లాడేవారు పదిమంది ఉంటే అనేక పుంజాల లాభం కూడా పెద్దగా రాదు.

కాబట్టి ఈ కొండల వరకు తీర్పు స్పష్టమే. జేకేపూర్, రాయగడ వంటి జనం గుమిగూడే చోట డిజిటల్ ప్యానెల్ తన ఖర్చును రాబట్టుకుంటుంది. దేవమాలి, నియమగిరి పక్కల పల్లెలకు కావలసింది 700కు ఒకటి, 2100కు ఒకటి వేరు వేరు ఆర్‌ఈటీ మోటార్లున్న మామూలు ప్యానెల్, ప్రతి సెక్టర్‌కూ లోయ లోతు చూసి వేసిన వాలు, వానాకాలం తరువాత కనెక్టర్లు బిగించి పిమ్ కొలిచే మనిషి. కొండల్లో టవర్ టెండర్లు రాసేవారు బ్యాండ్ వారీ విద్యుత్ వాలును తప్పనిసరి షరతుగా చేర్చాలి.